చోటు ఎక్కడి నుంచి తెస్తారు, డాక్టర్ గారూ?

పోయిన ఆదివారం అక్క నెల్లూరు నుంచి ఫోన్ చేసింది. పాపకి పళ్ళు గొగ్గిగా వచ్చాయి కదా, చూపించారట, క్లిప్పులు వెయ్యాలన్నారట. "మంచి డాక్టరేలేవే, ఒక్క పన్ను కూడా పీకకుండా సరిచేస్తానన్నాడు" అంది. ఆ గొంతులోని ఊరట వినగానే నా నాలుక తనంతట తానే వెళ్ళి కింది ముందు పళ్ళ వెనక తడుముకుంది. అక్కడ ఇప్పటికీ ఒక సన్నటి తీగ అంటించి ఉంది.

"పీకకపోతే చోటు ఎక్కడి నుంచి తెస్తాడో అడిగావా అక్కా?" అన్నాను.

"చోటేంది?"

చెప్పడం మొదలుపెట్టాను గానీ సగంలో కుక్కర్ కూత వేసింది, అక్క పెట్టేసింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. అక్క చదువుతుందో లేదో తెలీదు. పిల్లల నోటికి, లేదా నాలాగా ముప్ఫైకి దగ్గరపడ్డాక సొంత నోటికి, క్లిప్పులు వేయించబోతున్నవాళ్ళు చదివితే చాలు.

2017లో మొదలుపెట్టాను. మద్రాసు వేలచ్చేరిలో ఇల్లు, ఓఎమ్మార్ రోడ్డులో ఉద్యోగం, నాకు ఇరవై తొమ్మిది. "ఇప్పుడెందుకు, పెళ్ళి కూడా అయిపోయిందిగా" అని అడగని బంధువు లేడు. అందం మాట అటుంచితే, కింది పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి బ్రష్ దూరేది కాదు, ఆర్నెల్లకోసారి గార తీయించుకోవాల్సి వచ్చేది. గార తీసిన డాక్టరమ్మే క్లిప్పులు వేయించుకోమంది. మా వీధి చివరి క్లినిక్కి వెళ్ళాను. గాజు తలుపు మీద పెద్ద అక్షరాలతో 'పళ్ళు తీయకుండా' అని తమిళంలో రాసి ఉంది. నెలనెలా కట్టుకునే వీలుతో మొత్తం 35,000. పళ్ళ మీద వైరుని పట్టి ఉంచే బ్రాకెట్లు అంటించే ముందు దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీశారు. పక్క నుంచి తల మొత్తం తీసే సెఫలోగ్రామ్ తియ్యలేదు. తియ్యాలని నాకూ తెలీదు.

మొదటి ఆరు నెలలు నా అంత సంతోషంగా మద్రాసులో ఎవరూ ఉండి ఉండరు. దారం లాంటి గుండ్రటి వైరు పెట్టారు. నికెల్, టైటానియం కలిపిన లోహం అది, వాళ్ళ భాషలో నైటై. ఎంత వంచి కట్టినా మళ్ళీ తన ఆకారానికి రావాలని చూస్తుంది, వస్తూ వస్తూ పళ్ళని కూడా తనతో లాక్కొస్తుంది. ఈ లోహాన్ని 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో కనిపెట్టారు, నోట్లోకి వచ్చింది 1970లలో. ఏ క్షిపణుల కోసమో వెతుక్కుంటే దొరికిన లోహం చివరికి నా కోరపన్ను పక్కన వచ్చి కూర్చుంది. వారం వారం అద్దంలో చూసుకునేదాన్ని. మెలిక తిరిగిన పన్ను తిన్నగా అవుతోంది, ఎక్కి కూర్చున్న పన్ను దిగుతోంది. ఫోన్లో నవ్వుతూ ఫోటోలు తీసుకుని వరసగా దాచుకున్నాను.

అన్నీ ఎదురుగా తీసినవే. మనిషి తన మొహాన్ని పక్క నుంచి చూసుకోలేడు. స్నానాల గది అద్దం ఎదురు మాత్రమే చూపిస్తుంది. ఎదురు నుంచి చూస్తే పన్ను తిన్నబడటం కనిపిస్తుంది గానీ ముందుకు వాలడం కనిపించదు. నా ఆనందమంతా ఆ అద్దం చలవే.

ఏడో నెలలో గూడూరులో మా పిన్ని కొడుకు పెళ్ళి. వీడియో అతను పందిట్లో పక్క నుంచి తిప్పుకుంటూ పోయాడు. నెల తర్వాత అందరం టీవీలో వేసుకుని చూస్తున్నాం. అక్షింతలు వేస్తూ ఒకామె కనిపించింది, పై పెదవి పళ్ళ మీద చాలక ఎగబాకి ఉంది. ఎవరబ్బా అనుకునేలోపు ఆ చీర నాదని గుర్తొచ్చింది. అమ్మ టీవీని వదిలేసి నా వైపు తిరిగి, "ఏందే, పళ్ళు ఇట్టా ముందుకొచ్చినాయి? నీకు గొగ్గిపళ్ళే గానీ ఎత్తుపళ్ళు లేవు కదా" అంది.

నిజంగానే అంతకుముందు లేవు. ఆ మాటతో, రెండు నెలలుగా నేను పట్టించుకోకుండా పక్కన పడేసినవన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. పొద్దున లేచేసరికి నోరు ఎండిపోయి ఉండటం. పెదాలు మూస్తే గడ్డం మీద నారింజ తొక్కలాగా గుంటలు పడటం. అన్నిటికంటే విచిత్రం, ఆఫీసు ఫోన్లలో 'ప', 'బ', 'మ' పలికేటప్పుడు పెదాలు కలపడానికి చిన్నపాటి ప్రయత్నం కావాల్సి రావడం. పెదాలు కలవకుండా పలికే అక్షరాలు కావవి. 'అమ్మ' అనడానికి ఒకరు శ్రమపడాలంటే, ఆ నోట్లో ఏదో జరగకూడనిది జరిగినట్టే.

ఏం జరిగిందో అర్థం కావడానికి వైద్యం తెలియక్కర్లేదు, పెళ్ళి భోజనాల్లో వడ్డించిన అనుభవం చాలు. గోడకీ గోడకీ మధ్య ఇరవై ఆకులు పట్టే పంక్తిలో ఇరవై రెండు ఆకులు వెయ్యాలని పట్టుబడితే ఏమవుతుంది? గొగ్గిపళ్ళంటే అప్పటికే ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగి, ఒకరి భుజం వెనక ఒకరు నక్కి కూర్చున్న పంక్తి. అందరూ ఒకే గీత మీదకి రావాలి, ఎవరూ లేచిపోకూడదు, గోడలు జరగవు అంటే, వరస మధ్యలో విల్లులా ముందుకు ఉబకడం తప్ప దారి లేదు. పళ్ళ వరస ఎలాగూ విల్లే. ఆ విల్లు ఇంకొంచెం ముందుకు పొంగుతుంది. దీనికి ఒక మోటు లెక్క ఉంది: ముందు పళ్ళు 1 మిల్లీమీటరు ముందుకు వస్తే వరసలో దాదాపు 2 మిల్లీమీటర్ల చోటు పుడుతుంది. నాకు కింద ఇరుకు 6 మిల్లీమీటర్లు. ఇంకెక్కడి నుంచీ చోటు తేకుండా సరిచేస్తే పళ్ళు 3 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. వచ్చాయి. వైరు తప్పేమీ లేదు, చెప్పిన పని చేసింది.

పైగా గుండ్రటి వైరుకి చిగురు బయట కనిపించే పన్ను భాగాన్ని తొయ్యడమే తెలుసు. వేరు ఎక్కడుందో దానికి పట్టదు. అందుకే పన్ను పాతిన గుంజలాగా నిలువుగా జరగకుండా, వానకి నానిన గుంజలా పైన ముందుకు వాలుతుంది. వైరు కొసని వెనక దవడపన్నుకి అంటించిన గొట్టం దాటాక వంచేసి అది ముందుకు జారకుండా కట్టడి చేసే పద్ధతి ఉంది. దవడపన్ను నుంచి కోరపన్ను దాకా సన్నటి కట్టుతీగ బిగించే పద్ధతీ ఉంది. అవి చేసినా లెక్క పూర్తిగా మారిపోదు. చోటు చోటే.

మరి చోటు తేవడానికి ఉన్న దారులెన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పన్ను తియ్యడం ఒకటి. పళ్ళ పక్కలు సన్నగా అరగదీయడం ఇంకొకటి, రెండు పళ్ళ మధ్య అర మిల్లీమీటరు దాకా సాధారణంగా దొరుకుతుంది. దవడ వంపుని వెడల్పు చెయ్యడం, అది ఎదిగే పిల్లల్లో తేలిక, నా వయసులో కష్టం. వెనక పళ్ళని ఇంకా వెనక్కి నెట్టడం. ఇక మిగిలింది ముందు పళ్ళని ముందుకు వాల్చడం. 'పళ్ళు తీయకుండా' అనే బోర్డు వీటిలో మొదటిదాన్ని కొట్టేస్తుంది. మిగిలిన నాలుగింటిలో ఏది వాడతారో ఆ బోర్డు మీద ఉండదు. ఎవరూ ఏమీ ఎంచుకోకపోతే అయిదోది తనంతట తానే జరిగిపోతుంది. నా గొడవంతా ఇక్కడే. పన్ను పీకడం ఒక నిర్ణయంలా కనిపిస్తుంది, సంతకం పెట్టిస్తారు, భయం వేస్తుంది. పన్ను పీకకపోవడం మాత్రం నిర్ణయంలా కనిపించదు, ఏదో దయలా కనిపిస్తుంది. కానీ అదీ నిర్ణయమే. దాని ఖరీదు మన మొహం పక్కవాటంలో కడతాం.

క్లినిక్కి వెళ్ళి అడిగాను. అసలు ఆర్థోడాంటిస్టు, అంటే పళ్ళ వరస సరిచేసే స్పెషలిస్టు, పదిహేను రోజులకోసారి శనివారం వచ్చి పోతారు, మధ్యలో వైర్లు మార్చేది జూనియర్లు. ఆ రోజు ఉన్న అబ్బాయి మర్యాదస్తుడు. "ఇప్పుడే కదండీ మొదలైంది, చివర్లో వెనక్కి లాగేస్తాం" అన్నాడు. దేంట్లోకి లాగుతారు, వెనక ఖాళీ ఎక్కడుంది అని అడగాలని నాకప్పటికి తోచలేదు. రెండో శనివారం పెద్దాయన్ని అడిగితే, "మీ మొహానికి కొంచెం ముందుకుంటేనే నిండుగా ఉంటుందమ్మా" అన్నారు. ఒకే క్లినిక్కులో ఒకరేమో లాగేస్తామంటారు, ఇంకొకరేమో ఇదే బాగుందంటారు. నాకు నమ్మకం పోయింది పళ్ళ వల్ల కాదు, ఈ రెండు జవాబుల వల్ల.

ఆ పెద్దాయన అన్న మాటని పూర్తిగా కొట్టిపారేయలేను కూడా. అది తర్వాత చెబుతాను.

వేలచ్చేరి నుంచి బీచ్ వెళ్ళే రైలెక్కి ఫోర్ట్ స్టేషన్లో దిగితే ప్రభుత్వ దంత వైద్య కళాశాల. 1953లో మద్రాస్ మెడికల్ కాలేజీలో ఒక విభాగంగా పుట్టిన సంస్థ. పొద్దున్నే వెళ్ళి చీటీ తీసుకుని, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుంటే ఆర్థో విభాగంలో పీజీ చదివే ఒక అమ్మాయి నోరు తెరిపించింది. నోట్లోకి చూసే ముందు నన్ను పక్కకి తిరిగి నిలబడమంది. నా జన్మలో ఒక పంటి డాక్టరు నన్ను పక్క నుంచి చూడటం అదే మొదలు. "పెదాలు వదులుగా వదిలెయ్యక్కా" అంది. వదిలేశాను. పై పెదవికీ కింది పెదవికీ మధ్య వేలు పట్టేంత సందు.

తర్వాత సెఫలోగ్రామ్. చెవుల్లో రెండు పుల్లల్లాంటివి పెట్టి తల కదలకుండా పట్టి, పక్క నుంచి తీసే ఎక్స్‌రే. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ ఎవరికి వారు మొదలుపెట్టిన పద్ధతి. అంటే నేను ఆ క్లినిక్కులో చేరేసరికే దానికి 86 ఏళ్ళు. దాని మీద ట్రేసింగ్ కాగితం వేసి పెన్సిల్‌తో గీతలు గీసి, కోణాలు కొలిచింది. పుర్రె అడుగు గీతకి పై ముందు పన్ను కోణం 102, 104 డిగ్రీల దగ్గర ఉండాలంటారు, నాది 119. కింది దవడ అంచుకి కింది పన్ను దాదాపు 90 ఉండాలి, నాది 106. "మొదట్లో ఎంత ఉండేదక్కా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు ఈ లోకంలో ఎక్కడా లేదు. తీసి ఉంటే ఉండేది.

ఇక్కడ ఆ పెద్దాయన మాట. ఈ 'ఉండాలి' అనే అంకెలు ఎవరి మొహాల మీద కొలిచినవి? 1948లో డౌన్స్ అనే ఆయన ప్రచురించిన ప్రసిద్ధ కొలతలకి ఆధారం 20 మంది తెల్లజాతి అమెరికన్ పిల్లలు. మన దక్షిణాది మొహాల్లో పళ్ళు, పెదాలు సహజంగానే కొంత నిండుగా ముందుకుంటాయి. ఆ అంకెకి తెచ్చి తీరాలని లాగితే మొహం కిందిభాగం అణిగిపోతుంది. వయసుతో పెదవులు ఎలాగూ పలచబడతాయి, అప్పుడు నలభైకే అరవై కనిపిస్తాయి. ఆ ఆర్థో విభాగం ప్రొఫెసర్ గారు కూడా అదే చెప్పారు: "నంబర్ని నేను ట్రీట్ చెయ్యను. మీ పెదవులు శ్రమ లేకుండా మూతపడాలి, కింది పళ్ళ వేళ్ళు ఎముకలో ఉండాలి, అంతే." ఆ రెండో మాటకి వణుకొచ్చింది. కింది ముందు పళ్ళ ముందున్న ఎముక చాలా పల్చన. పన్ను మరీ ముందుకు వాలితే వేరు ఆ ఎముకని దాటుకుని రావచ్చు, చిగురు పలచనివాళ్ళకి అది కిందికి జారి వేరు బయటపడొచ్చు. నా కింది పన్ను ఒకదానికి చిగురు అప్పటికే కొంచెం దిగింది. అప్పటిదాకా అది గట్టిగా బ్రష్ చేయడం వల్ల అనుకుంటూ వచ్చాను.

కాబట్టి పెద్దాయన చెప్పిన 'నిండుదనం' అబద్ధం కాదు. కానీ నిండుదనానికి కొలత నా పెదాలు, ఆయన నోటిమాట కాదు. పెదాలు కలవని నిండుదనం ఎవరికి కావాలి?

ఈ పీకడం, పీకకపోవడం తగాదా కొత్తదేమీ కాదని తర్వాత తెలిసింది. ఈ వైద్యశాఖకి ఆధునిక రూపమిచ్చిన ఎడ్వర్డ్ యాంగిల్‌ గారికి పన్ను తియ్యడం మహాపాపం. మనిషికి ఇచ్చిన పళ్ళన్నీ వరసలో పట్టి తీరాలన్నది ఆయన సిద్ధాంతం. కాల్విన్ కేస్ అనే ఆయన, కొందరికి తియ్యక తప్పదని 1911లో వాదిస్తే యాంగిల్ శిష్యులు ఆయన మీద పడ్డారు. యాంగిల్ 1930లో పోయారు. ఆ తర్వాత ఆయన శిష్యుల్లోనే ఒకడు, చార్ల్స్ ట్వీడ్, గురువు చెప్పినట్టే పీకకుండా తాను చేసిన కేసుల్ని మళ్ళీ పిలిచి చూసుకున్నాడు. చాలామందికి పళ్ళు ముందుకు వాలి ఉన్నాయి, సరిచేసినవి మళ్ళీ చెదిరాయి. అలాంటి వంద మందికి నాలుగేసి పళ్ళు తీసి, డబ్బు తీసుకోకుండా మళ్ళీ వైద్యం చేశాడు. కింది పన్నుకి 90 డిగ్రీల లెక్క ఆయన పెట్టిందే. తన తప్పుని తానే సొంత ఖర్చుతో దిద్దుకున్న ఆ మనిషంటే నాకు గురి. మా వీధి చివరి క్లినిక్కు నాకు మిగిలిన వాయిదాలు కూడా కట్టమంది.

ట్వీడ్ తర్వాత లోలకం అటువైపు బాగా ఊగింది, అవసరం లేనివాళ్ళకీ పీకేశారు, మొహాలు చప్పిడి చేశారు. ఆ బెదురుతోనే 'పీకకుండా' అన్నది మళ్ళీ గొప్ప అయింది. మా తాతయ్య ఒక శ్లోకం చెప్పేవాడు, బట్టతలవాళ్ళలో పేదలు, ఎత్తుపళ్ళవాళ్ళలో మూర్ఖులు ఎక్కడో గానీ ఉండరని. నేను ఆ రోజుల్లో తాతయ్య లెక్కకి మినహాయింపుని.

సరే, దిద్దుబాటు. తేలికగా ఉన్నవాళ్ళకి పళ్ళు తియ్యకుండానే సర్దుకోవచ్చు. ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకొచ్చి ఉంటే పళ్ళ పక్కలు అరగదీసి ఆ సందులోకి వెనక్కి లాగుతారు. నాకు అది చాలదు. ఇరుకు తీర్చాలి, వాలినవి వెనక్కి రావాలి, పెదాలు కలవాలి. పైనా కిందా, కుడీ ఎడమా, కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపన్ను ఒక్కొక్కటి, మొత్తం నాలుగు తియ్యాలన్నారు. ఒక్కొక్కటి దాదాపు 7 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే ప్రతి వరసకీ 14 మిల్లీమీటర్ల చోటు.

అమ్మకి చెప్పగానే, "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంట" అని ఫోన్ నాన్నకిచ్చేసింది. నాన్న, "బాగున్న పళ్ళు పీకుతారా?" అన్నారు. అసలు కష్టం అదే కదా నాన్నా, పుచ్చిన పన్ను పోతే ఎవరూ బాధపడరు.

తీసిన రోజు పెద్ద విశేషం లేదు. ఇంజెక్షన్, పటకారు, దూది, రెండు రోజులు మజ్జిగన్నం. వారం తేడాతో రెండు దఫాలు. విశేషమంతా తర్వాతే. 7 మిల్లీమీటర్ల ఖాళీ దొరగ్గానే పని అయిపోదు. ఖాళీకి రెండు వైపులా పళ్ళున్నాయి. ముందువాటిని వెనక్కి లాగుతుంటే, అదే తాడుకి రెండో కొసన ఉన్న వెనక దవడపళ్ళు ముందుకు జారుకుంటూ వస్తాయి. తాడాటే అది. వెనకవాళ్ళు సగం దూరం వచ్చేస్తే, పీకించుకున్న పన్ను సగం వృథా. వెనక పళ్ళు కదలకుండా పట్టి ఉంచడాన్ని యాంకరేజ్ అంటారు. దానికే మినీ స్క్రూలు. ఒకటిన్నర మిల్లీమీటరు లావు, ఎనిమిది మిల్లీమీటర్ల పొడవు, టైటానియం మేకు. పళ్ళ వేళ్ళ మధ్య ఎముకలోకి తిప్పుతారు. మా పీజీ అమ్మాయి తిప్పుతుంటే నొప్పి లేదు గానీ, కిర్రుమని శబ్దం నా పుర్రె లోపల వినపడింది. పంటిని వదిలేసి ఎముకనే గుంజగా పట్టుకుని లాగడం అన్నమాట. నాలుగింటిలో ఒకటి మూడో వారానికే వదులైంది, తీసి పక్కన మళ్ళీ వేశారు. మామూలే అన్నారు.

లాగేది పవర్ చైన్ అనే రబ్బరు గొలుసు. రంగు ఎంచుకోమంటారు. సంక్రాంతికి ఆకుపచ్చ వేయించుకున్నాను, ఆఫీసులో తోటకూర ఇరుక్కుందని ముగ్గురు చెప్పారు.

లాగితే పన్ను ఎందుకు కదులుతుంది? వేరుకీ ఎముకకీ మధ్య పావు మిల్లీమీటరు కూడా లేని మెత్తటి పొర ఒకటుంది. నొక్కుడు పడిన వైపు ఎముకని కొన్ని కణాలు తినేస్తాయి, లాగుడు పడిన వైపు వేరే కణాలు కొత్త ఎముక పోస్తాయి. మేస్త్రీలు ముందు గోడ పడగొడుతూ వెనక గోడ కడుతుంటే ఆ సందులో పన్ను నడుస్తుంది. నెలకి 1 మిల్లీమీటరు మంచి నడక. గట్టిగా లాగితే త్వరగా వస్తుందనుకుంటే పొరపాటు. రక్తం ఆడక ఆ పొర చచ్చుబడి నడక ఆగిపోతుంది, వేళ్ళ కొసలు కూడా కొంత అరుగుతాయి. నా పళ్ళు ఒకే ఎముకలో ముందుకొకసారి, వెనక్కొకసారి నడిచాయి. ఆ రానూపోనూ ప్రయాణమే నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది. డబ్బు కాదు, ఏడు నెలలు కాదు. కొందరు డాక్టర్లు కావాలనే ముందు కొంచెం వాల్చి, తర్వాత చోటు చూసుకుని లాగుతారు, అది ముందే వేసుకున్న పథకం. కొందరికి ముందు పళ్ళు లోపలికి వాలి ఉంటాయి, వాళ్ళకి ముందుకు తేవడమే వైద్యం. వాలడం దానంతట అది నేరం కాదు. ఎవరూ చూసుకోకుండా వాలడం నేరం.

వెనక్కి లాగేటప్పుడు రెండో చిక్కు. ముందుకు వాలిన పన్నుని పైన పట్టి లాగితే పైభాగం వెనక్కి వస్తుంది, వేరు అక్కడే ఉంటుంది. కొంత దూరం అది మంచిదే, వాలింది నిలబడుతుంది. ఆ హద్దు దాటితే పన్ను లోపలికి వంగి ముసలివాళ్ళ పళ్ళలా అవుతుంది, కిందికి వేలాడినట్టు నవ్వులో పొడుగ్గా కనిపిస్తుంది. వేరుని కూడా తీసుకురావాలంటే బ్రాకెట్ గాడిలో నలుచదరపు వైరు తిరగబడాలి. దాన్నే టార్క్ అంటారు. నాకు వేసింది 19×25, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. గాడి 22. మూడు వెయ్యో వంతుల వదులు ఎంతలే అనుకుంటాం, కానీ వదులు గడియలాగా ఆ వైరు దాదాపు 10 డిగ్రీలు ఊరికే ఊగుతుంది, ఆ తర్వాతే పన్నుని పట్టుకుంటుంది. అందుకే మా ప్రొఫెసర్ ప్రతిసారీ పక్కకి తిరగమని, పన్ను వాలు చూసి, వైరుకి అదనంగా మెలిక పెట్టించేవారు. పదకొండో నెలలో పై పళ్ళు కొంచెం లోపలికి పోతున్నాయని రెండు నెలలు గొలుసు లాగుడు ఆపేసి మెలిక మీదే ఉంచారు. నేను గోల పెట్టాను. "తొందరపడితే మళ్ళీ ఇంకో చోట చూపించుకోవాల్సి వస్తుంది" అన్నారాయన. నోరు మూసుకున్నాను. హాయిగా మూతపడింది.

ఖాళీలు మూసుకోవడం చూడటం మాత్రం ఒక వ్యసనం. మొదట వేలి కొస పట్టేది, తర్వాత అగ్గిపుల్ల, తర్వాత పళ్ళు కుట్టుకునే పుల్ల, చివరికి దారం. 14 నెలలు పట్టింది. తర్వాత సర్దుబాట్లకి ఇంకో అయిదు. చివరి ఎక్స్‌రేలో పై పన్ను 108, కింద 95. పుస్తకం లెక్కకి ఇంకా ముందుకే. పెదాలు కలుస్తున్నాయి కనుక అక్కడే ఆపేశారు.

క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ చెదరకుండా పట్టి ఉంచే రిటైనర్ గురించి ఒక్క మాట. నాలుక లోపల్నుంచి తోస్తుంది, పెదవి బయట్నుంచి ఆపుతుంది, పన్ను ఆ రెండింటి మధ్య రాజీలో నిలబడుతుంది. మింగినప్పుడల్లా నాలుకతో ముందు పళ్ళని తోసే అలవాటున్నవాళ్ళకి అది మానిపించకుండా క్లిప్పులు తీసేస్తే మళ్ళీ వాలతాయి. కింద అంటించిన తీగ, పైన రాత్రుళ్ళు పెట్టుకునేది. ఎన్నాళ్ళు అంటే, పళ్ళు తిన్నగా కావాలనుకున్నన్నాళ్ళు. నేను నాలుగు నెలలు మానేసి చూశాను, మళ్ళీ పెట్టుకోబోతే బిగుతై కళ్ళనీళ్ళు వచ్చాయి.

వైర్లకి బదులు పళ్ళకి తొడిగే, కనపడని ప్లాస్టిక్ అలైనర్లతో ఈ బాధ లేదంటారు కొందరు. చోటు లెక్క ప్లాస్టిక్‌కి వేరేగా ఉండదు.

ఇదంతా చదివి 'అయితే పీకించెయ్యాలన్నమాట' అని ఎవరైనా అనుకుంటే నా రాత ఓడిపోయినట్టే. మా అక్క కూతురికి పన్నెండేళ్ళు. ఇంకా ఎదుగుతోంది. దవడ వెడల్పు చెయ్యొచ్చేమో, ఇరుకు తక్కువైతే కొంచెం అరగదీస్తే చాలేమో, పెదాలు పల్చనైతే కొంచెం ముందుకు వచ్చినా అందమేనేమో. ఆ డాక్టరు చెప్పింది తప్పని నేననడం లేదు. ఎంత ఇరుకుంది, ఆ చోటు ఎక్కడి నుంచి తెస్తారు, తెచ్చాక పెదాలు కలుస్తాయా, ఇవి చెప్పగలగాలి. చెప్పడానికి పక్క ఎక్స్‌రే ఉండాలి, పక్క ఫోటో ఉండాలి. ఆర్థోలో మూడేళ్ళ ఎమ్డీఎస్ చదివినవారు తానే చూడాలి, పదిహేను రోజులకోసారి వచ్చిపోయేవారైతే మధ్యలో ఎవరు చూస్తారో అడగాలి. అడిగితే విసుక్కునే డాక్టరు దగ్గర రెండేళ్ళు నోరు తెరవలేం.

నిన్న రాత్రి అక్క మళ్ళీ చేసింది. వెళ్ళి అడిగిందట. డాక్టరు విసుక్కోలేదు, కాగితం తీసి బొమ్మ గీశాడట. పైన ఇరుకు 4, కింద 9. "కింద తొమ్మిదికి చోటు ఏదండీ" అని పాపే అడిగిందట. ఆయన కాసేపు ఆ అంకె వైపు చూసి, సెఫలోగ్రామ్ రానివ్వండి, కింద తియ్యాల్సి రావచ్చు, అప్పుడు పైన కూడా ఆలోచిద్దాం అన్నాడట. అక్క కంగారుపడింది. పాప ఫోన్ లాక్కుని, "పిన్నీ, నీవి పీకినప్పుడు ఏడ్చావా?" అంది.

లేదన్నాను. నావి అడిగితే దూదిలో చుట్టి ఇచ్చారని, డబ్బీలో పెట్టి ఉన్నాయని చెప్పాను. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది: "అవి దాచుకోవడమేందే, ఇక్కడికి పంపు, పెంకుల మీదకి విసిరేద్దాం."

"అవి పాలపళ్ళు కాదమ్మా, మళ్ళీ రావు" అన్నాను.

"రాకపోతే రాకపాయె. ఉన్నవాటికి చోటు సరిపోయిందిగా" అంది అమ్మ.